నిప్పు లోపలికి

ఫ్రాంక్‌ఫర్ట్
20 ఏప్రిల్ 2020

మా గుంట హెప్సీకి,

నీ అత్త ఏసుకుమారి దీవించి రాసేది. ఫోనుండగా ఈ ఉత్తరమేటని నవ్వకు. ఈ ఇంటి గోడలు అప్పడాల్లా ఉన్నాయి. మీ బావ క్రిస్ పొద్దున్న ఎనిమిదింటికే చెవులకు డిప్పలు తగిలించుకుని హాల్లో ఆఫీసు పనికి కూర్చుంటాడు. అయినా నేను వంటింట్లో గ్లాసు కింద పెడితే వాడికి వినబడిపోతుంది. నా ఫోనుకు మెసేజ్ వస్తే వాడి కంప్యూటర్లో కూడా టింగుమంటుంది. కింద పోస్టు డబ్బా తాళం మాత్రం నా దగ్గరే ఉంటుంది. అందుకని ఇదిగో, ఇలాగ.

విషయం చెప్తాను, ఎవరికీ చెప్పకు. నా చుట్టలు అయిపోయాయి. భీమిలి నుంచి చీర మడతల్లో దాచి వంద తెచ్చుకున్నాను. ఈ మాయదారి కరోనా వచ్చి, ఇల్లు కదలకుండా కూర్చుంటే రోజుకు రెండేసి ఖర్చయిపోయాయి. మీ మావయ్య ఊపిరితిత్తులు చెడి చనిపోయినప్పుడు, బైబిలు మీద చెయ్యేసి ఇక ముట్టనని నీ బావకు మాటిచ్చానా? ఆ మాట మీదే వాడు నన్ను ఇక్కడికి రానిచ్చాడు. మా కోడలు వైశాలికి ఇంతకుముందు రెండు కాన్పులు నిలబడలేదు కదా. ఈసారి డాక్టరు మంచం దిగొద్దంది. ఆగస్టు ఆఖరికి నెలలు నిండుతాయి. ఆ బిడ్డను ఒక్కసారి ఈ చేతుల్లో ఎత్తుకుంటే చాలు నాకు. అందాకా నేను మంచిదాన్నని వాళ్ళు అనుకోవాలి.

రోజూ సాయంత్రం నడకని చెప్పి నది గట్టుకు పోతాను. బల్ల మీద కూర్చుని అడ్డపొగ వేసుకుంటాను. నిప్పు కొస నోట్లో ఉంటే చూసేవాళ్ళకు ముసలిది పుల్ల నములుతోందనిపిస్తుంది. నుసి రాలదు, గాలికి ఆరదు. మన పేట ఆడవాళ్ళ తెలివి జర్మనీలో కూడా పనికొచ్చింది చూడు.

నువ్వు చుట్టలు చుట్టే చోటే పని చేస్తున్నావు కదా. చుట్టడం నేర్పినదాన్ని నేనే. విరిగినవో వంకరవో నాలుగు బేగా పంపించవే.

ఇట్లు, ఆత్రం ఆపుకోలేని మీ అత్త.


మాగ్డెబర్గ్
27 ఏప్రిల్ 2020

మై డియర్ దొంగ అత్తకి,

నీ ఉత్తరం చదివి ట్రైన్లో పగలబడి నవ్వాను. మాస్కు లోపల నవ్వితే కళ్ళద్దాలకు ఆవిరి పడుతుందని తెలిసింది. ఒట్టు, బావకు చెప్పను. ఇంత వయసొచ్చి నీకు బావంటే భయమేంటి అసలు?

మా వర్క్‌షాప్ గురించి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఇక్కడి నుంచి గంట ప్రయాణం, ఆరు బల్లలు, నలుగురు మనుషులు. మేం చేసేదాన్ని బొటీక్ సిగార్ అంటారు. బట్టల కొట్టు కాదత్తా! ఒక రకానికి నాలుగైదు వందలు చేసి ఆపేస్తాం, అంతే. లోపలి ఆకు నికరాగ్వాలో ఎస్తెలీ అనే ఊరి నుంచీ, బ్రెజిల్ నుంచీ వస్తుంది. పైన చుట్టే ఆకు సుమత్రాది, నీ పట్టుచీర అంచు కంటే పల్చగా ఉంటుంది. నేను మాస్టర్స్ చదివి ఈ బల్ల దగ్గర తేలానని నాన్న ఇంకా మొహం మాడ్చుకునే ఉన్నాడు కానీ, నా చేతివాటం చూసి మా యజమాని హెర్ లూకెన్ "ఎక్కడ నేర్చుకున్నావు?" అని మూడుసార్లు అడిగాడు. మా అత్త దగ్గర అని మూడుసార్లూ గర్వంగా చెప్పాను.

పాపం ఆయనకే కష్టం వచ్చిపడింది. మార్చిలో కరోనా వచ్చి తగ్గింది కానీ వాసన పోయింది. నలభై ఏళ్ళుగా ప్రతి సిగార్‌నీ ఆయనే వెలిగించి, ఎలా కాలుతుందో నోట్‌బుక్‌లో రాసేవాడు. ఇప్పుడు ఆ పని నాకిచ్చాడు. నాకా, రెండు దమ్ములకే దగ్గొస్తుంది! శరదృతువుకి కొత్త సిగార్ రావాలి. ఆయన మూడు కట్టలిచ్చాడు, ఎర్రదారం, పచ్చదారం, నీలిదారం. ఒకటి పూర్తయ్యాకే రెండోది వెలిగించాలట.

నీకర్థమైందిగా నా ప్లాను? జంతికల డబ్బా అడుగున ఎర్రదారంవి పది పెట్టాను. నువ్వు తాగు, ఎలా ఉందో రాయి. నేను దాన్ని జర్మన్‌లో రాసుకుంటాను. నీకు చుట్ట, నాకు ఉద్యోగం.

నీ పార్ట్‌నర్,
హెప్సీ


ఫ్రాంక్‌ఫర్ట్
9 మే 2020

మా హెప్సీకి,

ఓలమ్మో, ఎంత మంచి చుట్టే! నీ జంతికలు మాత్రం గట్టి. మీ బావ డబ్బా తీసుకోబోతే చేతి మీద కొట్టి, "ఇది నా మేనకోడలు నాకు పంపింది, నీకు కాదు" అన్నాను. వాడు చిన్నబుచ్చుకున్నాడు.

రాసుకో. వెలిగించకముందు వేళ్ళ మధ్య తిప్పి చూశాను. ఎక్కడా పీచు లేదు, కణుపు లేదు. తల దగ్గర కొంచెం బిగువు, నడుం దగ్గర మెత్తన. చుట్టింది నువ్వే అని పట్టేశాను, చివర మడత ఎడమకు తిప్పావు కదా, నాలాగే. పొగ అడ్డం లేకుండా వస్తోంది. మొదట కాల్చిన వేరుశెనగ తొక్క వాసన, సగం అయ్యాక పాతబెల్లం పాకం. నిప్పు ఒక పక్కకు పరిగెత్తకుండా చుట్టూ సమంగా కాలింది. గంటంబావు ఉంది. మన లంక పొగాకులో ఉన్న పొగరు దీనికి లేదు గానీ మర్యాద ఉంది.

ఇక్కడ వైశాలికి కాళ్ళు పట్టేస్తున్నాయి. రోజూ నూనె రాస్తున్నాను. దాని దగ్గరికి వెళ్ళేముందు నాలుగుసార్లు పుక్కిలించి, లవంగం నమిలి, మాస్కు కట్టుకుని వెళ్తాను. కరోనాకు ఎంత జాగ్రత్తో మా అత్తగారికి అని అది మురిసిపోతుంది. నాకు సిగ్గేస్తుంది.

ఇక్కడి రొట్టె పెచ్చు కత్తిలా ఉంటుందే. అంగిట్లో గీసుకుని చిన్న కురుపు లేచింది. అదే తగ్గుతుందిలే.

పచ్చదారంవి ఎప్పుడు పంపుతావు?

మీ అత్త


మాగ్డెబర్గ్
18 మే 2020

అత్తా, నువ్వు బంగారం!

నువ్వు రాసిందంతా జర్మన్‌లోకి మార్చి ఇచ్చాను. వేరుశెనగ తొక్క దగ్గర హెర్ లూకెన్ ఆగిపోయి, కళ్ళు మూసుకుని, "అవును, అదే" అన్నాడు. వాసన పోయిన మనిషి కళ్ళలో నీళ్ళు చూశాను. ఇది నా నోటి మాటే అని చెప్పేశాను, కోప్పడకు. సెప్టెంబరులో నా కాంట్రాక్ట్ పొడిగిస్తాడేమో. పొడిగిస్తేనే వీసా.

మడత ఎడమకు తిప్పానని పట్టేశావా! నీ వేళ్ళకు కళ్ళున్నాయా ఏంటి?

కురుపుకి ఉప్పునీళ్ళు పుక్కిలించు. రొట్టె పాలల్లో ముంచుకుని తిను. పచ్చదారంవి పది పెట్టాను. ఈసారి జంతికలు మెత్తగానే వచ్చాయి, బావకు కూడా పెట్టు, అనుమానం రాకుండా ఉంటుంది. ఆఖరి మూడోవంతు ఎలా ఉందో మరిచిపోకుండా రాయి, ఆయనకు అదే ముఖ్యం.

హెప్సీ


ఫ్రాంక్‌ఫర్ట్
16 జూన్ 2020

మా హెప్సీకి,

ఆలస్యమైందని తిట్టుకోకు. పచ్చదారంవి ఆరు తాగాను. ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను.

ఇందులో ఏమీ లేదే. ఎండుగడ్డి తగలబెట్టినట్టుంది. బెల్లం లేదు, వేరుశెనగా లేదు. మొదట్లో కాగితం కాలిన వాసన, సగం అయ్యాక ఒకటే మంట. అంగిట్లో మిరపకాయ నూరి రాసినట్టు. మూడోవంతు దాకా పోలేకపోయాను. ఇది నీకు చెప్పడానికి మనసు రాలేదు. కష్టపడి చుట్టావు కదా.

ఇంట్లో కూడా నా నోటికి ఏదీ సహించడం లేదు. కారం మానేశాను. "మా అమ్మ జర్మన్ అయిపోయింది, ఆవకాయ వద్దంటోంది" అని మీ బావ అందరికీ చెప్పి నవ్వుతున్నాడు. పై పన్ను ఒకటి కదులుతోంది. వయసు. మీ నాయనమ్మకు కూడా ఈ వయసుకే పళ్ళు కదిలాయి, నీకు గుర్తుండదు, చిన్నదానివి.

మాస్కు మంచి వస్తువేనే. ముఖంలో సగం మన సొంతానికి ఉంచేసుకోవచ్చు.

వైశాలికి ఏడో నెల. నిన్న నా చెయ్యి పట్టుకుని పొట్ట మీద పెట్టుకుంది. లోపల నుంచి ఒక్క తన్ను తన్నింది చూడు! నేను ఏడ్చేశాను. అది కూడా ఏడ్చింది. మీ బావ పరిగెత్తుకొచ్చి ఏమైందేమైందని కంగారు.

అత్త


మాగ్డెబర్గ్
22 జూన్ 2020

అత్తా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. బెల్లం రుచి తెలియలేదంటున్నావు, వేరుశెనగ వాసన తెలియలేదంటున్నావు. హెర్ లూకెన్‌కు సరిగ్గా ఇలాగే మొదలైంది! దగ్గుందా? జ్వరం చూసుకున్నావా? ఇంట్లో ఏడో నెల మనిషి ఉంది. చుట్ట సంగతి చెప్పక్కర్లేదు, నోటికి రుచి తెలియడం లేదని మాత్రం బావకు ఈరోజే చెప్పు. టెస్టుకి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకుంటాడు. రిజల్ట్ వచ్చేదాకా వైశాలక్క గదిలోకి వెళ్ళకు.

పచ్చదారం గురించి హెర్ లూకెన్‌కు చెప్పాను. "మంట అన్నావా? ఖచ్చితంగా మంటేనా?" అని అడిగాడు. ఘాటు ఆకు ఎక్కువైందేమో, తగ్గిద్దామా అన్నాను. వద్దు, ముందు నీలిదారం కూడా తాగి చెప్పు అన్నాడు. అదీ పంపుతున్నాను కానీ, కరోనా లేదని తేలాకే ముట్టుకో. ఒట్టు వేయి.

నాకు భయంగా ఉంది అత్తా. వెంటనే జవాబు రాయి.

హెప్సీ


ఫ్రాంక్‌ఫర్ట్
20 జూలై 2020

మా హెప్సీకి,

దేవునికి స్తోత్రం. నాకు కరోనా లేదు. మీ బావ ఫోనులో చెప్పే ఉంటాడని రాయడం ఆలస్యం చేశాను.

నువ్వు చెప్పినట్టే మీ బావతో అన్నాను. పాపం, వాడి ముఖం తెల్లబోయింది. నన్ను కారులో వెనక సీట్లో కూర్చోబెట్టి, అద్దాలన్నీ దించి తీసుకెళ్ళాడు. మాస్కు దించి నోరు తెరవమంటారేమో, ఇక దొరికిపోయాననుకున్నాను గానీ, టెస్టు చేసే అమ్మాయి ఒళ్ళంతా కప్పే సూటు తొడుక్కుని ముక్కులోనే పుల్ల పెట్టి తిప్పేసింది. నోట్లోకి చూడనే లేదు. రెండు రోజులు గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. లేదని తెలిశాక ఇంట్లో పండగే అనుకో. మీ బావ కోడికూర వండాడు. నేను అన్నంలో పాలు పోసుకుని, ఉపవాస ప్రార్థన అని చెప్పి తప్పించుకున్నాను. అబద్ధం మీద అబద్ధం. లెక్కపెట్టడం మానేశాను.

ఒక నవ్వొచ్చే సంగతి. మొన్న కాఫీ తాగుతుంటే కాఫీ ముక్కులోంచి వచ్చేసింది! గబుక్కున మింగానేమో అనుకున్నాను. మర్నాడూ వచ్చింది. ఇప్పుడు తల వెనక్కి వాల్చి తాగుతున్నాను, రావడం లేదు.

నీలిదారంవి రెండు తాగాను. ఏమీ తెలియలేదు. బాగుందని రాసుకో. బాగానే ఉండుంటుంది. నువ్వు చుట్టింది బాగోకపోవడమేటి?

వైశాలికి ఇంక అయిదు వారాలు. ఉయ్యాల వచ్చింది. తెల్లది. మీ బావ బిగించడం రాక రెండు మరలు మిగిల్చాడు.

ఈసారి ఏమీ పంపకు.

అత్త


మాగ్డెబర్గ్
27 జూలై 2020

అత్తా,

ఈ ఉత్తరం రాయడానికి కూర్చుని అరగంట అయింది. చెప్పేస్తాను.

నీలిదారం గురించి "ఏ రుచీ తెలియలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పాను. హెర్ లూకెన్ నోట్‌బుక్ మూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, "అమ్మాయ్, ఈరోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళు. నీ నోరు చెడిపోతోంది" అన్నాడు. నాకేం అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. కొత్తగా రుచి చూసేవాళ్ళకు ఈ చోట్ల అందరూ పెట్టే పరీక్షేనట. ఒకటే సిగార్‌కి మూడు రంగుల దారాలు కడతారు. ఎర్రదీ, పచ్చదీ, నీలిదీ, అన్నీ ఒకటే ఆకు, ఒకే రోజు, నా చేత్తో చుట్టినవే, నాకు తెలియకుండా తీసి దారాలు కట్టాడట. మూడుసార్లూ ఒకే మాట రాస్తే ఆ నోటిని నమ్మొచ్చట. "సిగార్ మారలేదు. నోరు మారింది" అన్నాడు.

నాది కాదు, మా అత్త నోరని ఒప్పుకున్నాను, కరోనా టెస్టు సంగతి కూడా చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. "కరోనా కాదన్నారు కదా, మరి ఆవిడ సిగార్ ఎలా తాగుతుంది?" అని అడిగాడు. మామూలుగానే, నిప్పు లోపలికి పెట్టుకుని, అన్నాను.

మామూలుగానే! అత్తా, ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తెలుసా? నువ్వు, నాయనమ్మ, ఆదిలక్ష్మి పిన్ని, అందరూ అలాగే కదా. ఇంకోలా తాగే ఆడదాన్ని నేను మన పేటలో చూడలేదు. ఆయన వెలిగించని సిగార్ ఒకటి తిప్పి నోటి దగ్గర పెట్టుకుని చూశాడు. కింద పెట్టేశాడు. "ఎన్నేళ్ళుగా?" అన్నాడు. యాభై అన్నాను. "యాభై ఏళ్ళుగా ఆ నిప్పు అంగిలికి తగులుతోందన్నమాట" అన్నాడు.

అప్పుడు నాకు కాఫీ గుర్తొచ్చింది. నాకు గుర్తుండదన్నావు, నాకు గుర్తుంది. అప్పుడు నాకు ఆరేళ్ళు. నాయనమ్మ మంచం పక్కన గంజిగిన్నె పట్టుకుని కూర్చునేదాన్ని. తాగిన గంజి ముక్కులోంచి కారేది, నేను నవ్వేదాన్ని. నోటిపుండుతో పోయిందని చెప్పుకున్నాం, అంతే. ఎవరూ దానికి ఇంకో పేరు పెట్టలేదు.

మేలో కురుపని రాస్తే నేనేం రాశాను? ఉప్పునీళ్ళన్నాను. వెంటనే పచ్చదారంవి పది పంపి, ఆఖరి మూడోవంతు సంగతి అడిగాను. నన్ను చెప్పుతో కొట్టాలి.

ఇచ్చిన మాట తప్పుతున్నాను. ఈ ఉత్తరం నీకు చేరేసరికి బావకు ఫోన్ చేసేసి ఉంటాను. అన్నీ చెప్పేస్తాను, బైబిలు, నది గట్టు, జంతికల డబ్బా, అన్నీ. నన్ను తిట్టు. జన్మలో మాట్లాడకు. కానీ బావ అడిగినప్పుడు మాస్కు తీసి నోరు తెరువు అత్తా. దణ్ణం పెడతాను.

హెప్సీ


ఆసుపత్రి నుంచి
11 సెప్టెంబరు 2020

హెప్సీ,

అక్షరాలు వంకరగా ఉంటాయి, కూడదీసుకుని చదువుకో. నర్సమ్మ కాగితాలిచ్చింది. ఏం కావాలన్నా రాసి చూపించాలి, నా తెలుగు వాళ్ళకు రాదు గనక బొమ్మలు గీస్తున్నాను. నిన్న మంచినీళ్ళకు చెంబు గీస్తే పూలకుండీ అనుకున్నారు.

అంగిలి సగం తీసేశారు. ఆ చోట ప్లాస్టిక్ బిళ్ళ పెట్టారు. అది తీస్తే మాట ముక్కులోంచి గాలిలా పోతుంది, పెడితే నొప్పి. ఎవరూ వినకూడదని ఇన్నాళ్ళూ నీకు ఉత్తరాలు రాశాను. ఇప్పుడు మాట్లాడదామన్నా ఇదే దిక్కయింది. మెడలో కూడా ఏదో చూడాలంటున్నారు. మేలో వచ్చుంటే చిన్న గాటుతో పోయేదని డాక్టరు అన్నాడట. ఆ మాట మీ బావ నాకు చెప్పలేదు. కోతకు ముందు ఇంట్లో వైశాలి ఫోనులో వాళ్ళమ్మతో అంటుంటే విన్నాను.

మీ బావ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆసుపత్రి తలుపు దాకా వచ్చి, లోపలికి రానివ్వరని అక్కడే నా సంచీ పట్టుకుని నిలబడిపోయాడు, చిన్నప్పుడు బడి దగ్గర నిలబడినట్టు.

నీకు ఒకటి చెప్పాలి. ఈ కవరులో మూడు దారాలు పెట్టాను, చూడు. పచ్చదారంవి వచ్చిన రోజు వెలిగించకముందు వేళ్ళ మధ్య తిప్పాను కదా. అదే బిగువు, అదే నడుం, అదే ఎడమ మడత. నలభై ఏళ్ళు చుట్టినదాన్నే గుంటా. ఎర్రదీ పచ్చదీ ఒకటే చుట్ట అని నాకు వెలిగించకముందే తెలుసు. నీలిది కూడా అంతే. చేతికి తెలిసింది నోటికి తెలియకపోతే, పోయింది ఏదో నాకు ఒకరు చెప్పాలా? మీ నాయనమ్మ నోరు కడిగింది నేనే.

మరెందుకు తాగావంటావు. తాగినంతసేపు మంట తెలియకుండా తిమ్మిరెక్కేది. మరెందుకు దాచావంటావు. ఆగస్టు దాకా నెట్టుకొద్దామనుకున్నాను, అంతే. ముందే చెప్తే ఆసుపత్రిలో పడేస్తారు, పిల్లను ఎత్తుకోనివ్వరు. నువ్వు ఫోన్ చేశావు. నేను భయపడినట్టే అయింది. ఆగస్టు పద్దెనిమిదిన నాకు కోశారు, ఇరవై నాలుగున పిల్ల పుట్టింది. నెల రోజులు ఆగలేకపోయావా అని నిన్ను చాలా తిట్టుకున్నానే, దాచనక్కర్లేదు. ఆగుంటే మెడ కూడా మిగిలేది కాదని ఆ డాక్టరే అన్నాడు. అదీ నాకు తెలుసు. రెండూ తెలుసుకుని ఏం చెయ్యాలో తెలియక ఇలా పడుకున్నాను.

నీమీద కోపం లేదు. ఉన్నా పోతుంది. నువ్వు పంపకపోతే ఇంకెక్కడో సంపాదించేదాన్ని. ఆ ముసలాయనకు నా వందనాలు చెప్పు. ఎర్రదారం గురించి రాసింది మాత్రం నిజమే, వేరుశెనగ తొక్క, పాతబెల్లం. దాన్ని మార్చొద్దని చెప్పు. నువ్వు ఆదిలక్ష్మికి ఉత్తరం రాయి. ఫోన్ చేస్తే నవ్వి ఊరుకుంటుంది, రాసి పంపు, చదివించుకుంటుంది. నా సంగతంతా రాయి, నోట్లోకి అద్దం పెట్టి చూసుకోమను.

నిన్న సాయంత్రం మీ బావ ఫోన్లో పిల్లను చూపించాడు. నల్లటి జుట్టు, ముక్కు మీ నాయనమ్మదే. వాడు ఉయ్యాల దగ్గర ఫోన్ పెట్టి, "అమ్మా, మాస్కు తియ్యి, పాప నిన్ను చూస్తోంది" అన్నాడు.

నేను తీయలేదు.

మీ అత్త,
ఏసుకుమారి